సజీవులను ద్వేషించినవాడు



మన సంఘములలోని పడుచువారు ఈ దినములలో చూచుచున్న చిత్రములలోను, చేతిఫోనులలో ఆడుకొనుచున్న ఆటలలోను ఒకే విధమైన దుష్టుడు మరల మరల కనబడుచున్నాడు. వాడు శవములను లేపును. లేచిన శవములనే తన జనముగాను, తన సైన్యముగాను ఎంచుకొనును. ఊపిరి గలవారిని చూచినయెడల వానికి సహింపదు. "వీడు ఎందుకిట్లయ్యెను?" అని పిల్లలు అడుగుదురు. "అది సాతాను కథ, కట్టిపెట్టుము" అని పెద్దలు చెప్పుదురు. ఆ ప్రత్యుత్తరము మాకు చాలినదిగా తోచలేదు. కథలోని దుష్టుని కల్పించినది మనుష్యుడే. తన హృదయములో ఏదో ఒకటి చూచుకొనక మనుష్యుడు అట్టివానిని కల్పింపడు. గనుక ఈ నెల ఆ ప్రశ్ననే పట్టుకొని కొంతదూరము నడువగోరుచున్నాము.

దీనికి మేము ఎన్నుకొన్న కథ క్రొత్తది కాదు. 1818వ సంవత్సరము జనవరి 1వ తేదీన లండను పట్టణములో మూడు సంపుటములుగా, రచయిత పేరు లేకుండ, 500 ప్రతులు మాత్రమే వెలువడిన 'ఫ్రాంకెన్‌స్టైన్' అను నవల అది. వ్రాసినది మేరీ షెల్లీ అను ఆంగ్ల స్త్రీ. అప్పటికామె వయస్సు 20 సంవత్సరములు. శవములలో దూరి మాటలాడు బేతాళుని కథలు మనవారు ఎరుగుదురు గాని ఆ బేతాళునికి మనుష్యులపై పగ లేదు. విక్రమార్కుని భుజముపై కూర్చుండి చిక్కు ప్రశ్నలు వేయుటయే వాని సరదా. సజీవులను పగబట్టిన శవదేహి ఎట్లు తయారగునో ఆదినుండి అంతమువరకు విప్పి చెప్పిన కథ కావలెనన్న ఈ ఆంగ్ల గ్రంథమునొద్దకు పోవలసినదే.

పేరు విషయమై ఒక మాట. ఫ్రాంకెన్‌స్టైన్ అనగా ఆ భయంకరాకారుడే అని చాలమంది అనుకొందురు. 1931లో అమెరికాలో తీసిన చలనచిత్రము లోకమంతట తిరిగిన తరువాత ఆ తలంపు మరింత గట్టిపడెను. నిజమునకు అది చేసినవాని పేరు. చేయబడినవానికి పేరు లేదు. పుస్తకము మొదటి పుటనుండి కడపటి పుటవరకు వానికి ఎవరును పేరు పెట్టలేదు. దీనిని జ్ఞాపకముంచుకొనుడి.

విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ జెనీవా పట్టణపు పెద్దింటి బిడ్డ. ప్రేమగల తండ్రి, ఇద్దరు తమ్ములు, తన్ను పెండ్లాడవలసిన ఎలిజబెత్తు, ప్రాణమిత్రుడైన క్లెర్వాల్ వానికి ఉండిరి. జ్వరము తగిలిన ఎలిజబెత్తునకు ఉపచారము చేసి, ఆ జ్వరమే తనకంటుకొని తల్లి చనిపోయెను. పిమ్మట వాడు ఇంగోల్‌స్టాట్ విద్యాలయమునకు వెళ్లి రసాయనశాస్త్రము చదివెను. జీవము ఎక్కడనుండి వచ్చుచున్నదను ప్రశ్న వానిని పట్టుకొనెను. శ్మశానములలోను, ఎముకల గదులలోను రాత్రులు గడపి, శవభాగములు ప్రోగుచేసి ఒక దేహమును కూర్చుచుండెను. ఆ దేహము సుమారు ఎనిమిది అడుగుల పొడవు. అంత పొడవెందుకు? సన్నని నరములను, చిన్న భాగములను కూర్చుటకు కాలము పట్టును గనుక, తొందరలో పెద్దవిగా చేసెను. వాని జీవితకాలమంతయు నిందపాలు చేసిన ఆ వికారమైన ఆకారమునకు చేసినవాని ఆతురత కూడ ఒక కారణమే.

ఈ పనిలో రెండేండ్లు గడచెను. ఇంటికి వెళ్లలేదు, ఉత్తరము వ్రాయలేదు. తండ్రి ముందే హెచ్చరించియుండెను: నీవు వ్రాయుట మానితివంటే మిగిలిన విధులను కూడ మానితివని యెంచుకొందును అని ఆ పెద్దమనిషి భావము. కుమారునికి అది తెలియును, అయినను వ్రాయలేదు. సజీవులు ఉత్తరములకొరకు ఎదురుచూచుచుండిరి. శవము దేనికొరకును ఎదురుచూడదు. వాడు శవమునొద్దనే ఉండెను.

తరువాత నవంబరు మాసపు ఒక రాత్రి, వాన కురియుచుండగా, ఆ దేహము తన పసుపు వన్నె కన్ను తెరచెను. చదువరులారా, ఈ కథకంతటికి ఇదే కీలకమని మా అభిప్రాయము. రెండేండ్లు విక్టర్ ఆ దేహమును ప్రేమించెను. దాని అవయవములను అందముగా ఎంచి ఎంచి తెచ్చెను. క్రొత్త జాతి యొకటి తన్ను సృష్టికర్తగా స్తుతించునని కలలు కనెను. అది చచ్చియున్నంత కాలము అసహ్యము కలుగలేదు. కన్ను తెరచి తన్ను చూచిన క్షణమున మాత్రము వాడు గది విడిచి పారిపోయెను. తరువాత నిద్రలో తనకు కాబోవు భార్యను ముద్దుపెట్టుకొనగా ఆమె తన తల్లి శవముగా మారినట్లు కల కని మేల్కొనెను. చూడగా పడక తెర ఎత్తి ఆ జీవి నిలిచియుండెను. ఏదో పలుకబోయి, ఒక చెయ్యి చాచెను. పసిబిడ్డ తల్లివైపు చెయ్యి చాపునట్లే యని మాకు తోచును. విక్టర్ మరల పారిపోయెను.

మృతులను ప్రేమించి సజీవులనుండి పారిపోయిన మొదటివాడు ఈ కథలో ఆ భయంకరాకారుడు కాడు, చదువుకొన్న ఈ యువకుడే.

ఎందుకిట్లు జరిగెను? శవము మనలను ఏమియు అడుగదు. మనము ఇచ్చిన రూపమును పుచ్చుకొని ఊరకుండును. బ్రతికినవానికి ఆకలి యున్నది, మాటయున్నది, మన మాటకు ఎదురాడు స్వతంత్రమున్నది. పూర్వము సౌలు రాజు సంగతియు ఇట్టిదే (1 సమూయేలు 28). సమూయేలు బ్రతికియుండగా అతని మాట రాజునకు భారమాయెను. సమూయేలు సమాధిలో చేరిన తరువాత, రాత్రివేళ మారువేషముతో ఏన్దోరులోని కర్ణపిశాచముగల స్త్రీయొద్దకు వెళ్లి, అతనిని రప్పింపుమని బ్రతిమాలెను. బ్రతికినవాని మాట వినుటకన్న చచ్చినవానిని లేపుట సులభమని తలంచెను. లేచి వచ్చినవాడు అదే పాత మాట చెప్పినందున ఆ రాజు నేలపై పడిపోయెను.

ఇప్పుడు విడువబడిన ఆ జీవియొద్దకు పోదము. వాడు పుట్టుకతోనే క్రూరుడా? 1931 చలనచిత్రము అవునని చెప్పినట్లే. నేరస్థుని మెదడు వాని తలలో పెట్టబడినట్లు అందులో కల్పించిరి. పుస్తకమందు అట్టిది లేదు. అడవిలో పండ్లు ఏరుకొని తినెను. బిచ్చగాండ్రు విడిచిపోయిన నిప్పును చూచి సంతోషముతో అందులో చెయ్యిపెట్టి కాల్చుకొనెను. ఒక పల్లెలో అడుగుపెట్టగా పిల్లలు కేకలు వేసిరి, జనులు రాళ్లు రువ్విరి. దెబ్బలు తిని, ఒక చిన్న ఇంటికి ఆనుకొనియున్న పాకలో దూరి దాగెను. రాళ్లు తగిలిన ఆ దినమున వానికి భయము కలిగెను గాని పగ కలుగలేదు. ఇది గమనింపదగిన సంగతి.

ఆ ఇంటిలో గ్రుడ్డివాడైన ముసలి డిలేసీయు, కుమారుడు ఫీలిక్సును, కుమార్తె అగాథాయు ఉండిరి. ఒకప్పుడు పారిసు నగరములో గొప్పగా బ్రతికి, ఆస్తి పోగొట్టుకొని దేశమునుండి వెళ్లగొట్టబడినవారు. గోడలోని సందుగుండ వాడు వారిని చూచుచుండెను. పిల్లలిద్దరు తమకేమియు ఉంచుకొనక తండ్రియెదుట భోజనము పెట్టుట చూచెను. అంతకుముందు రాత్రులందు వారి ఆహారములో కొంత తానే దొంగిలించుచుండెను. వారి పేదరికము తెలిసిన నాటినుండి దొంగతనము మానివేసెను. అంతమాత్రమేకాదు. ఫీలిక్సు పనిముట్లు తీసికొని రాత్రివేళ అడవికి పోయి కట్టెలు కొట్టి వారి వాకిట పడవేయుచుండెను. ఉదయమున ఆ కట్టెలను చూచి ఆ ఇంటివారు ఆశ్చర్యపడిరి. ఏదో మంచి ఆత్మ తమ మేలు కోరుచున్నదని చెప్పుకొనిరి. గోడ ఇవతల కూర్చున్నవానికి ఆ మాట ఎంత తీపిగా నుండెనో మన పాఠకులలో ఊరివెలుపల బ్రతికినవారికి మేము చెప్పనక్కరలేదు.

ఆ ఇంటికి వచ్చిన సాఫీ అను పరదేశపు యువతికి వారు భాష నేర్పుచుండగా వీడును విని నేర్చుకొనెను. అడవిలో దొరికిన తోలుసంచిలో మూడు పుస్తకములుండెను. వాటిలో ఒకటి మిల్టను కవి రచించిన 'పారడైస్ లాస్ట్'. ఆదాము కథను వాడు కావ్యముగా గాక నిజముగా జరిగిన వృత్తాంతముగా చదివెను. చదివి తనతో పోల్చుకొనెను. ఆదామును చేసినవాడు ఆదాముతో మాటలాడెను, ఒంటరిగా నుండుట మంచిది కాదని తలంచి సహాయమును చేసి ఇచ్చెను (ఆదికాండము 2). పేరు కూడ పెట్టెను (ఆదికాండము 5). నన్ను చేసినవాడు నన్ను చూచి పారిపోయెను అని వాడనుకొనెను. నీటిమడుగులో తన ముఖమును చూచుకొనిన దినమున ఎందుకు పారిపోయెనో వానికి కొంత బోధపడెను. ఆదాముకన్న సాతానే తనకు పోలికయని వానికి తోచుచుండెను. అయినను సాతానుకు తోడి దూతలుండిరి, తనకెవరును లేరని వాడే లెక్కించుకొనెను.

చాల మాసములు వాడు ధైర్యము కూడగట్టుకొని, పిల్లలు ఇంటలేని సమయము చూచి గ్రుడ్డి తండ్రియొద్దకు వెళ్లెను. ముసలివాడు వాని ముఖము చూడలేడు, మాట మాత్రమే విన్నాడు. దయగా పలికెను, పొయ్యియొద్ద కూర్చుండుమనెను. ఇంతలో పిల్లలు తిరిగివచ్చిరి. అగాథా మూర్ఛపోయెను. ఫీలిక్సు వానిని తండ్రి కాళ్లయొద్దనుండి ఈడ్చి కర్రతో కొట్టెను. వాడు తలంచినయెడల ఫీలిక్సును సింహము జింకను చీల్చినట్లు చీల్చగలిగియుండెను. చీల్చలేదు. చెయ్యి ఎత్తకుండ బయటికి వెళ్లిపోయెను.

తమ శత్రువులు రాళ్లు రువ్వినప్పుడు పుట్టని ద్వేషము, తాను ప్రేమించి కట్టెలు మోసినవారు కర్ర ఎత్తినప్పుడు పుట్టెను. మేము ఈ కథను చదివిన ప్రతిమారు ఇక్కడనే ఆగుదుము. పగవాని దెబ్బ దేహముమీద పడును. ప్రియుని దెబ్బ ఎక్కడ పడునో దావీదు ఎరుగును (కీర్తన 55). ఆ కుటుంబము ఇల్లు ఖాళీచేసి పారిపోగా వాడు ఆ ఇంటికి నిప్పుపెట్టెను. పోవు మార్గమున ఏటిలో కొట్టుకొనిపోవుచున్న ఒక బాలికను గట్టుకు చేర్చగా, ఆమె వెంటనున్న మనుష్యుడు వానిని తుపాకితో కాల్చెను. గాయము మానుటకు వారములు పట్టెను. సమస్త మానవజాతిపై నిత్యమైన పగ తీర్చుకొందునని అప్పుడు వాడు ఒట్టుపెట్టుకొనెను.

ఆ "సమస్త" అను మాటయొద్ద మేము వానితో విభేదింపవలసియున్నది. నన్ను కొట్టినవాడు ఫీలిక్సు; నన్ను కాల్చినవాడు ఫలాని మనుష్యుడు. ఇంతవరకు లెక్క సరియే. అయితే మనుష్యులందరు నా శత్రువులే అనునప్పటికి లెక్క తప్పినది. గ్రుడ్డి ముసలివాని దయగల మాటలు ఆ లెక్కలో ఎక్కడ పోయెను? తన కట్టెలకు కృతజ్ఞతతో పొంగిన ఇంటివారి ఉదయములు ఎక్కడ పోయెను? ద్వేషము మొదట చేయు పని ఇదే: కొట్టిన చేతులను జ్ఞాపకముంచుకొని, అన్నము పెట్టిన చేతులను కొట్టివేయును. మన గ్రామములలో ఒక ఇంటివానితో గట్టు తగాదా వచ్చిన రెండు సంవత్సరములకు ఆ పేటవారందరు ఇట్టివారే అని మాటలాడుకొనుట మనము వినలేదా? పిల్లలు ఆ మాటను పాలతోనే త్రాగుదురు. తగాదా ఎందుకు వచ్చెనో వారికి తెలియదు, "ఇట్టివారే" అను మాట మాత్రము తెలియును.

వాడు జెనీవా సమీపమున ఒక చిన్నవాని పట్టుకొనెను. పసివాడు గనుక వికారమును ఎంచడనియు, పెంచి స్నేహితునిగా చేసికొనవచ్చుననియు వాని ఆశ. బాలుడు కేకలువేసి తన తండ్రి ఫ్రాంకెన్‌స్టైన్ అని చెప్పి బెదిరించెను. ఆ పేరు వినగానే వాడు ఆ బిడ్డ గొంతు నులిమెను. ఆ బిడ్డ విలియము, విక్టరుకు కడగొట్టు తమ్ముడు. విలియము ఎన్నడును వానిపై రాయి వేయలేదు. అంతేగాక, బిడ్డ మెడలోని తల్లి పటమును తీసికొని, నిద్రపోవుచున్న జస్టిన్ అను దాసి వస్త్రములో పెట్టెను. ఆమెకు ఉరిశిక్ష పడెను.

ఫీలిక్సు కర్రక్రింద చెయ్యి ఆపుకొనగలిగినవాడు, విలియము గొంతుమీద ఆపుకొనలేకపోయెనా? ఆపుకొనగలిగియుండెను. అందుచేతనే వాడు నేరస్థుడు. తమకు జరిగిన అన్యాయముచేతనే దుష్టులగుదురని ఈ కాలమున చాలమంది చెప్పుదురు. అందులో సత్యమున్నది. ఆ జీవియు కడవరకు ఆ వాదమే చేసెను; దుఃఖమే తన్ను రాక్షసుని చేసెననెను. కాని అది సంపూర్ణ సత్యమైనయెడల వాడు మరల శవము మాత్రమే. ఎవడో నెట్టగా కదలునదే గాని తానుగా కదలునది కాదు. వానిని నేరస్థుడనుటయే వానిని సజీవుడని గౌరవించుట. కయీనుకు ముఖము చిన్నబోయినప్పుడు దేవుడు ముందుగానే మాటలాడి, పాపము వాకిట పొంచియున్నదనియు దానిని ఏలవలసినది నీవేననియు తెలిపెను (ఆదికాండము 4). ఏలగలవాడు కానియెడల ఆ మాట ఎందుకు?

అయితే జస్టిన్ మరణమునకు వాడొక్కడే బాధ్యుడని చెప్పజాలము. హంతకుడెవడో విక్టరుకు తెలియును. చెప్పినయెడల పిచ్చివాడందురని పెదవి విప్పలేదు. ఆమె చేయని నేరమును ఒప్పుకొనెను. ఎందుకనగా చెరసాలలో ఆమెయొద్దకు వచ్చిన గురువు, ఒప్పుకొనకపోతే సంఘమునుండి వెలివేయుదుననియు, నరకాగ్ని తప్పదనియు రేయింబవళ్లు ఆమెను బెదిరించెను. కథలోని గురువు రోమను మతస్థుడు కదా అని మనము తప్పించుకొనవచ్చును. సంఘపు బహిష్కారమును కర్రవలె ఎత్తి చూపుట మన పంచాయతీలలో ఎన్నడును లేదని చెప్పగలవారు చెప్పుదురు గాక.

ఇక మన పిల్లలు అడిగిన ప్రశ్నలో రెండవ సగము మిగిలియున్నది. సజీవులను ద్వేషించుట సరే, మృతములోనుండి లేచినవారిపై ప్రేమ ఎందుకు? ఆల్ప్సు పర్వతములలో, మంచునది మీద, ఆ జీవి తన్ను చేసినవానిని కలిసికొని ఒకే కోరిక కోరెను: నావంటి స్త్రీని ఒకతెను చేసి యిమ్ము, మేమిద్దరము దక్షిణ అమెరికా అడవులకు పోయి పండ్లు తిని బ్రతికెదము, మనుష్యుల కంటబడము. కోరిక న్యాయముగానే యున్నది. విక్టర్ మొదట జాలిపడి ఒప్పుకొనెను. స్కాట్లండు ఉత్తరమున ఆర్క్నీ ద్వీపములలో ఒక పాడు గుడిసెలో పని మొదలుపెట్టెను. సగమైన పిమ్మట ఒక ఆలోచన వచ్చెను: ఆమె వానిని అసహ్యించుకొనినయెడల? అతడు ఒప్పుకొన్న ఒప్పందమునకు ఆమె ఎట్లు కట్టుబడును? ఆమె నోటి మాట ఎవరు అడిగిరి?

విక్టర్ ఆ దేహమును చీల్చివేసినది భయముతోనే గాని న్యాయబుద్ధితో కాదు. ఆమె సంతానము లోకమును పాడుచేయునని కూడ భయపడెను. అయినను ఆ ప్రశ్న మంచి ప్రశ్న. ఆ జీవి మాత్రము దానిని ఎన్నడును వేసికొనలేదు. తనవలె కుట్లు గలది, తనవలె శవములనుండి కూర్చబడినది గనుక తన్ను తప్పక ప్రేమించునని నిశ్చయించుకొనెను. ఆమె కన్ను తెరచి, వాని ముఖము చూచి, విక్టరువలెనే పారిపోవచ్చునని వానికి తట్టలేదు. వాడు కోరినది తోడు కాదు, కాదనలేని తోడు. సజీవులు కాదనగలరు. మృతములోనుండి నా కొరకే చేయబడినది కాదనలేదు. ఆటలలోని దుష్టుడు శవముల సైన్యమును ప్రేమించుటకు కారణము ఇదేయని మేము ఎంచుచున్నాము. ఆ సైన్యములో ఒకడును వానికి వెన్ను చూపడు, ఒకడును వానిని ప్రశ్నింపడు. విక్టర్ శవమును ప్రేమించిన కారణము, వాని చేతిపని శవవధువును కోరిన కారణము రెండును ఒక్కటే. తండ్రి పోలిక కుమారునికి వచ్చెను.

ఈ సంగతి వ్రాసిన స్త్రీకి మృతులను కోరుట అనగానేమో పుస్తకములచేత తెలిసినది కాదు. ఆమె 1797 ఆగస్టు 30న పుట్టెను. పదకొండవ దినమున ఆమె తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ప్రసూతి జ్వరముచేత చనిపోయెను. ఎదిగిన తరువాత తల్లి సమాధియొద్ద కూర్చుండి చదువుకొనుట ఆమెకు అలవాటు. 1815లో ఆమెకు నెలలు నిండని ఆడబిడ్డ పుట్టి రెండు వారములలోపల చనిపోయెను. పేరు కూడ పెట్టలేదు. కొన్ని దినములకు ఆమె కల కనెను: బిడ్డ చనిపోలేదు, చల్లబడినది మాత్రమే, నిప్పుయొద్ద రుద్దగా బ్రతికెను. మేల్కొని చూడగా బిడ్డ లేదు. ఆ మాటను ఆమె తన దినచర్యలో వ్రాసికొనెను. మరుసటి సంవత్సరము, 1816 వేసవిలో, జెనీవా సరస్సు ఒడ్డున ఈ కథ ఆరంభమాయెను. జావాకు తూర్పున సుంబావా ద్వీపమందలి తాంబోరా పర్వతము 1815 ఏప్రిలులో బ్రద్దలై చిమ్మిన ధూళిచేత ఆ యేడు ఐరోపాలో వేసవియే లేకపోయెను. వానలకు ఇల్లు కదలలేక, బైరను కవి సలహామీద స్నేహితులందరు తలకొక భయానక కథ వ్రాయబూనిరి. ఉరితీయబడినవాని శవమునకు విద్యుత్తు తగిలింపగా దవడ కదలి ఒక కన్ను తెరువబడినదని 1803లో లండనులో ఆల్దీని అను శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగమును గూర్చి జనులు ఇంకను చెప్పుకొనుచుండిన కాలమది.

తన ఒడిలోని పసివాని పేరు విలియము. కథలో చంపబడిన బిడ్డకును ఆమె ఆ పేరే పెట్టెను. ఏ తల్లియు ఊరకనే అట్లు చేయదు. ఆ విలియము 1819లో చనిపోయెను. అంతకు ముందు సంవత్సరమే క్లారా అను ఆడబిడ్డ పోయెను. 1822లో భర్త సముద్రములో మునిగిపోయెను. నలుగురు బిడ్డలలో మిగిలినది ఒక్క కుమారుడు. ఇరువదినాలుగేండ్లకే విధవయైన ఆమె ఆ కుమారుని తీసికొని ఇంగ్లండుకు మరలివచ్చి, కలముపట్టి వ్రాసి వానిని పెంచి చదివించెను. మృతులను ఆమె మరువలేదు. కాని వారికొరకు బ్రతికినవానిని విడువలేదు. సమాధియొద్ద ఏడ్చుట సజీవులను ద్వేషించుట కాదు. లాజరు సమాధియొద్ద మన ప్రభువే కన్నీళ్లు విడిచెను. ఈ మాట, మన పాఠకులలో ఇటీవల బిడ్డలను పాతిపెట్టినవారు ఈ వ్యాసము చదివి నొచ్చుకొనకుండునట్లు ప్రత్యేకముగా వ్రాయుచున్నాము.

మార్కు సువార్త 5వ అధ్యాయములో సమాధులలో కాపురమున్న ఒకడు గలడు. వాని ఊరివారు వానిని సంకెళ్లతో కట్టిరి, వాడు తెంపుకొనెను. రేయింబగళ్లు కొండలలో కేకలువేయుచు తన్నుతాను రాళ్లతో గాయపరచుకొనుచుండెను. ఊరిలో వానికి చోటులేదు, మృతులలో చోటు దొరకెను. ప్రభువు వానిని చూచి వెనుదీయలేదు. నీ పేరేమని అడిగెను. వానికి స్వస్థత కలిగిన తరువాత వాడు పడవలో తనవెంట వచ్చెదనని బ్రతిమాలగా ప్రభువు ఒప్పుకొనలేదు. నీ ఇంటికి, నీ వారియొద్దకు పొమ్మనెను. మాకు ఇది ఎల్లప్పుడు కఠినమైన ఆజ్ఞగా తోచుచున్నది. సంకెళ్లు వేసినవారియొద్దకే పోవలెను! వాడు పోయి దెకపొలిలో ప్రకటించెనని సువార్తికుడు చెప్పుచున్నాడు. వాని తల్లియో, అన్నదమ్ములో తలుపు తీసిరో లేదో చెప్పలేదు. ఆ ఊరివారు ప్రభువును మాత్రము తమ ప్రాంతము విడిచి పొమ్మని వేడుకొనిరి.

మేరీ షెల్లీ కథలో తరువాత జరిగినది త్వరగా చెప్పవచ్చును. శవవధువును చీల్చినందుకు ఆ జీవి క్లెర్వాలును చంపెను, పెండ్లిరాత్రి ఎలిజబెత్తును చంపెను. తండ్రి ఆ దుఃఖముతో పోయెను. విక్టర్ వానిని తరుముకొని ఉత్తర ధ్రువపు మంచువరకు పోయెను. అక్కడ వాల్టను అను నావికాధిపతి అతనిని ఓడలోనికి తీసికొనెను. మంచులో చిక్కుకొన్న ఆ ఓడవారు ఇంటికి పోదమని అడుగగా, చావబోవుచున్న విక్టర్ ముందుకే పొమ్మని వారిని ప్రేరేపించెను. వాల్టను మాత్రము తన కీర్తిని విడిచి, ఓడవారి మాట విని దక్షిణమునకు త్రిప్పుటకు సమ్మతించెను.

విక్టర్ చనిపోయిన రాత్రి ఆ జీవి ఓడలోనికి వచ్చెను. తన్ను చేసినవాని శవముమీద వంగి ఏడ్చెను. చంపి తాను సంతోషింపలేదనియు, ప్రేమకొరకు చేయబడిన తన హృదయము చెడుటకు పడిన బాధ ఎవరికిని తెలియదనియు చెప్పుకొనెను. వాల్టను వాని ముఖమును చూడలేక కన్నులు మూసికొనెను, అయినను నిలిచి కడవరకు వినెను. కన్నులున్న మనుష్యుడు పారిపోకుండ ఆ జీవి మాట విన్నది, చేసినవాడు ఒకమారు వినినది విడిచిపెట్టినయెడల, అదే మొదటిసారి. ఉత్తరమున చితి పేర్చుకొని కాలిపోయెదనని చెప్పి వాడు కిటికీగుండ మంచుతెప్పమీదికి దూకెను. అలలు వానిని చీకటిలోనికి తీసికొనిపోయెను. వాడు చచ్చెనో లేదో పుస్తకము చూపలేదు. ఈ వృత్తాంతమంతయు వాల్టను ఇంగ్లండులోనున్న తన అక్క మార్గరెట్టుకు ఉత్తరములుగా వ్రాసినదే. విక్టర్ తన తండ్రికి వ్రాయక దాటవేసిన రెండేండ్ల ఉత్తరములకు బదులుగా, ఆ మంచు నడుమనుండి ఇతడు వ్రాయుచునే యుండెను.